పోవడం సరే, తిరిగి రావడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రాచీన రోమనుల సముద్రయానం గురించి ఈసారి మాకు చేరిన ఉత్తరాలన్నీ గోదావరి డెల్టా నుంచే వచ్చాయి. ఒకదాని జవాబు మరొకదానితో ముడిపడి ఉండటం వల్ల వాటన్నింటినీ ఒకేచోట ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా మనవడు ఈమధ్య ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. కొలంబస్ కంటే ఎన్నో శతాబ్దాల ముందే రోమనులు అమెరికా చేరారనీ, బ్రెజిల్ దగ్గర సముద్రంలో రోమన్ జాడీలు, మెక్సికోలో ఒక సమాధిలో రోమన్ శిల్పపు తల దొరికాయనీ అందులో చెప్పారు. రోమ్‌తో మన ఆంధ్ర తీరానికి వర్తకం ఉండేదని నేనే పిల్లలకు పాఠం చెప్పాను. ఇంత దూరం రాగలిగినవారు అటు పోలేరా? ఇందులో నిజమెంత?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: అయ్యా, అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటగల ఓడ రోమనుల దగ్గర ఉండేది. వారు దాటారనడానికి మాత్రం నిలబడే ఆధారం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. మీ మనవడు చూపించిన వీడియోల్లాంటివి మొదటి మాట చెప్పి, దాన్నే రెండో మాటకు రుజువుగా చూపిస్తాయి. చిక్కంతా అక్కడే వస్తుంది.

ముందుగా ఓడ సంగతి చూద్దాం. ఈజిప్టు నుంచి రోమ్‌కు గోధుమలు మోసే ‘ఐసిస్’ అనే ఓడ ఒకటి తుఫానుకు చిక్కి, బయలుదేరిన 70వ రోజున ఏథెన్స్ రేవుకు చేరితే జనం విరగబడి చూశారని క్రీ.శ. 2వ శతాబ్దపు రచయిత లూషియన్ రాశాడు. ఆయన చెప్పిన పొడవు 120 మూరలు, అంటే దాదాపు 55 మీటర్లు. కథకుడి మాటను పూర్తిగా నమ్మలేమనుకున్నా, ఫ్రాన్సు దక్షిణ తీరంలో మాద్రాగ్ ద జియాన్ దగ్గర సముద్రం అడుగున బయటపడిన క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ ఓడను నమ్మక తప్పదు. దాని పొడవు 40 మీటర్లు. వేల కొద్దీ మద్యం జాడీలతో కలిపి 400 టన్నుల బరువు మోసే ఓడ అది. కొలంబస్ ఎక్కిన సాంటా మారియా పొడవు 20 మీటర్లకు అటూ ఇటూగా ఉండేదని అంచనా.

ఆ ఓడల కట్టుబడి కూడా ఆషామాషీగా ఉండేది కాదు. తాళ్లరేవు, కోరంగి ప్రాంతాల్లో చెక్క ఓడలు కట్టడం చూసినవారికి ఈ పనితీరు ఆసక్తి కలిగిస్తుంది. మధ్యధరా ప్రాంతపు వడ్రంగులు ముందు లోపలి వంపు కర్రలు నిలబెట్టి వాటికి పలకలు కొట్టేవారు కాదు. పలకల అంచుల్లో దగ్గర దగ్గరగా గాళ్లు తొలిచి, వాటిలో గట్టి కర్ర బిళ్లలు దించి, పై పలకను ఆ బిళ్లల మీదికి బిగించి, బిళ్ల జారకుండా అడ్డంగా కొయ్య చీలలు కొట్టేవారు. అలా ఒక పలక మీద ఒక పలక లేచి ఓడ డొల్ల సిద్ధమయ్యాకనే లోపల వంపు కర్రలు అమర్చేవారు. పని ఎక్కువ, కలప ఎక్కువ, ఖర్చు మరీ ఎక్కువ. కానీ ఆ డొల్ల పెద్ద కెరటాల పోటుకు సులువుగా విడిపోయేది కాదు.

బైబిలు చదివేవారికి ఇలాంటి ఓడ ఒకటి పరిచయమే. అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయంలో పౌలును ఖైదీగా రోమ్‌కు తీసుకుపోయిన అలెగ్జాండ్రియా ఓడలో 276 మంది ఉన్నారు. శీతకాలం ముంచుకొస్తుండగా బయలుదేరిన ఆ ఓడ క్రీటు దాటాక తుఫానులో పడి, రెండు వారాల పాటు ఎండా చుక్కలూ కనబడని సముద్రంలో కొట్టుకుపోయింది. అర్ధరాత్రి ఏదో నేల దగ్గరపడుతున్నదని నావికులకు తోచి లోతు చూస్తే ముందు ఇరవై బారలు, కొంత దూరం పోయాక పదిహేను బారలు వచ్చింది. రాళ్లకు కొట్టుకుంటామన్న భయంతో వెనుకవైపు నుంచి నాలుగు లంగర్లు వేసి, తెల్లవారితే చాలునని ఎదురుచూశారు. ఓడ మాల్టా ఒడ్డున బద్దలైనా మనుషులందరూ బతికారు. అంతమందితో, అన్ని రోజులు, అంత తుఫానులో ఆ ఓడ నీటి మీద నిలిచిందన్న సంగతి మన చర్చకు ముఖ్యం.

దూరం విషయానికి వస్తే, రోమనులు అట్లాంటిక్ అంచు దాకా వెళ్లిన మాట వాస్తవమే. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా ఉన్న కానరీ దీవుల గురించి, మారిటేనియా రాజు రెండవ జూబా సేకరించిన వివరాలను రోమన్ రచయిత ప్లినీ తన గ్రంథంలో పొందుపరిచాడు. ఆ దీవుల్లో చిన్నదైన లోబోస్ మీద, సముద్రపు నత్తల నుంచి ఊదారంగు తీసే రోమన్ కాలపు కార్ఖానా 2012లో బయటపడింది. కొలంబస్ 1492 సెప్టెంబరు 6న చివరిసారి నేల విడిచింది కూడా ఆ దీవుల్లోని గొమేరా నుంచే. అక్కడి నుంచి కరీబియన్ దీవులకు సుమారు 4,800 కిలోమీటర్లు. గాలీ, సముద్రపు ప్రవాహమూ రెండూ అటే లాగుతాయి. 1952లో అలాన్ బొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు రబ్బరు పడవలో ఒంటరిగా 65 రోజుల్లో కానరీల నుంచి బార్బడోస్ చేరాడు. 1970లో నార్వే అన్వేషకుడు థోర్ హెయెర్డాల్ పపైరస్ రెల్లుతో కట్టిన ‘రా-2’ మీద మొరాకో నుంచి 57 రోజుల్లో అదే దీవికి చేరాడు. రెల్లు పడవకు సాధ్యమైనది 400 టన్నుల ఓడకు అసాధ్యమని ఎవరూ వాదించలేరు. దారి తప్పిన రోమన్ ఓడ ఏదో ఒకటి గాలికి కొట్టుకుపోయి అటు ఒడ్డుకు చేరి ఉండవచ్చు. అయితే ఆ సంగతి మనదాకా రావాలంటే అందులోని మనిషి ఒక్కడైనా తిరిగి వచ్చి చెప్పాలి, లేదా వారి ఆనవాలు అక్కడి మట్టిలో సక్రమంగా దొరకాలి.

వీడియోలో చెప్పిన ఆనవాళ్లను ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. బ్రెజిల్ జాడీల కథ 1982 నాటిది. రియో డి జనీరో పక్కన గ్వానబారా అఖాతంలో రోమన్ జాడీలు ఉన్నాయని రాబర్ట్ మార్క్స్ అనే అమెరికన్ నిధి అన్వేషకుడు ప్రకటించాడు. ఇంతలో స్థానిక వ్యాపారి ఒకరు, పాతవాటిలా కనబడాలని తానే అలాంటి జాడీలు చేయించి అంతకు ముందు ఆ అఖాతంలో వేయించానని చెప్పారు. మార్క్స్‌కూ ప్రభుత్వానికీ వివాదం ముదిరి అన్వేషణ ఆగిపోయింది. పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి, పొరలు గుర్తించి, ఓడ శిథిలాన్ని నమోదు చేసిన సందర్భం లేదు. మెక్సికో తల ఇంకొంచెం జటిలమైనది. కలిష్ట్లవాకాలో 1933లో హోసే గార్సియా పయోన్ జరిపిన తవ్వకంలో గడ్డం ఉన్న చిన్న మట్టి తల ఒకటి సమాధిలో దొరికిందన్నారు. దాని ముఖకవళికలు రోమన్ శిల్పాన్ని పోలి ఉన్నాయని కొందరి అభిప్రాయం. కాల్చిన మట్టి వస్తువు వయసు తేల్చే థర్మోల్యూమినిసెన్స్ పరీక్షలో వచ్చిన కాలం ఎన్నో శతాబ్దాల విస్తీర్ణంలో ఉండటం వల్ల అది ఏమీ తేల్చలేదు. తవ్వకం నాటి వివరమైన నమోదులు లేవు. ఎవరో ఆట పట్టించడానికి ఆ తలను అక్కడ పెట్టారన్న మాట కూడా ఉంది. ఆ సమాధి స్పెయిన్‌వారు రావడానికి కొద్ది ముందు కాలానిది కాబట్టి, తల నిజంగా రోమన్‌దే అయినా అది ఎప్పుడు, ఏ దారిన అక్కడికి చేరిందో సమాధి చెప్పదు.

ఒక వస్తువు సముద్రం దాటితే మనిషి దాటినట్టు కాదని మన తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 2022 మేలో అసని తుఫాను సమయాన శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకువచ్చిన దృశ్యాన్ని మనమందరం టీవీల్లో చూశాం. బంగాళాఖాతం ఆవలి ఒడ్డు నుంచి వచ్చినదని భావించిన ఆ రథం మీద మనిషి లేడు. అమెరికాలో అక్కడక్కడ దొరికాయని చెప్పే రోమన్ నాణేల సంగతి ఇంకా తేలిక. వాటిలో అత్యధికం ఇటీవలి శతాబ్దాల్లో నాణేల సేకరణదారులు పోగొట్టుకున్నవేనని వాటిని పరిశీలించిన పండితులు తేల్చారు.

నిజంగా దాటినవారి ఆనవాలు ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే కెనడా తూర్పు కొసన ఉన్న లాన్స్ ఓ మెడోస్‌ను చూడాలి. 1960లో హెల్గే ఇంగ్‌స్టాడ్ అక్కడ నార్వే నావికుల స్థావరాన్ని గుర్తించగా, ఆయన భార్య ఆన్ స్టీన్ ఇంగ్‌స్టాడ్ తవ్వకాలు నడిపించారు. ఇళ్ల పునాదులు, ఇనుము కరిగించిన చిట్టెం, ఓడ మేకులు, నూలు వడికే కదురు బిళ్ల బయటపడ్డాయి. అక్కడి కలపను ఇనుప పనిముట్టుతో నరికిన సంవత్సరం 1021 అని 2021లో శాస్త్రవేత్తలు నిర్ధారించారు. కొద్దికాలం మాత్రమే ఉన్న కొద్దిమంది ఇంత జాడ వదిలారు. సరుకు ఓడల్లో వచ్చిన రోమనులు కొన్ని జాడీలు, ఒక్క మట్టి తల మాత్రమే వదిలి వెళ్లారంటే నమ్మడం కష్టం.

ఎంత దూరం నుంచి వచ్చిందంటే అంత గొప్ప అనుకోవడం మనకూ ఉన్నదే. వరద గోదావరికి ఎదురీదే పులస ఆస్ట్రేలియా నుంచి వస్తుందని మన జిల్లాల్లో పెద్దలు సైతం ఘంటాపథంగా చెబుతారు. అది బంగాళాఖాతంలోని ఇలస చేపే, గుడ్లు పెట్టడానికి నది ఎక్కుతుంది.

ప్రశ్న: మా తాతల కాలంలో తెరచాప నావలు ఉండేవి. ఇప్పుడు మావి ఇంజను బోట్లు. జీపీఎస్, వైర్‌లెస్ అన్నీ ఉన్నా, వాయుగుండం అని రేడియోలో చెబితే రేవు దాటం. ఇవేవీ లేని రోమనులు రోజుల తరబడి నడిసముద్రంలో ఎలా తిరిగారు? అరేబియా సముద్రం దాటగలిగినవారికి అట్లాంటిక్ ఎందుకు కాలేదు?
— ఒక మత్స్యకారుడు, భైరవపాలెం

జవాబు: ఈ విషయంలో అసలైన ప్రశ్న మీరే అడిగారు, దాని జవాబులో సగం మీకు తెలిసినదే. మన సముద్రంలో గాలి ఏడాదికి రెండుసార్లు తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి నుంచి వీచిన గాలి, నవంబరు వచ్చేసరికి ఈశాన్యం నుంచి వీస్తుంది. వర్తకుడికి ఇది ప్రకృతి రానూ పోనూ కలిపి ఇచ్చిన టికెట్టు.

ప్లినీ ఈ ప్రయాణపు లెక్కను క్రీ.శ. 1వ శతాబ్దంలో రాసిపెట్టాడు. నడివేసవిలో ఈజిప్టు తీరపు బెరెనికే రేవు విడిచిన ఓడ సుమారు 30 రోజులకు ఎర్ర సముద్రపు ముఖద్వారం దగ్గరి ఒకేలిస్ చేరుతుంది. అక్కడి నుంచి నైరుతి గాలి అందుకుంటే 40 రోజులకు కేరళ తీరపు ముజిరిస్ వస్తుంది. మిరియాలు ఎక్కించుకుని డిసెంబరులో గాని, ఆలస్యమైతే జనవరి 13 లోపల గాని బయలుదేరితే, ఏడాది తిరగకముందే ఇల్లు చేరవచ్చు. కొలంబస్ గొమేరా విడిచి నేల చూడటానికి పట్టినది 36 రోజులు. అంటే నేల కనబడకుండా, నిల్వ నీటి మీద, నిల్వ తిండి మీద వారాల తరబడి బతకడం రోమన్ సామ్రాజ్యపు నావికులకు ఏటా జరిగే పనే. క్రీ.పూ. 25 ప్రాంతంలో ఈజిప్టులో తిరిగిన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో, ఒక్క మయోస్ హోర్మోస్ రేవు నుంచే 120 ఓడలు భారతదేశానికి పోతున్నాయని విన్నాడు.

అట్లాంటిక్‌లో కానరీల దగ్గరి గాలి ఇలా తిరగబడదు. ఆ వ్యాపార పవనాలు ఏడాది పొడవునా ఈశాన్యం నుంచి నైరుతికే వీస్తాయి. అవి ఓడను అమెరికా దాకా తోస్తాయి గాని, వెనక్కి రమ్మంటే అదే దారిన రానివ్వవు. ఒక పెద్ద చతురస్రపు తెరచాపతో నడిచే రోమన్ ఓడకు ఎదురుగాలిలో అంత దూరం అడ్డదిడ్డంగా తన్నుకుంటూ రావడం అయ్యే పని కాదు. తిరుగు గాలి ఉంది, కానీ అది చాలా ఉత్తరాన, 35–40 డిగ్రీల అక్షాంశాల్లో పడమటి నుంచి వీస్తుంది. ఇంటికి రావాలంటే ఇంటి దిక్కు వదిలి, ముందు ఉత్తరానికి నడిసముద్రంలోకి పోవాలన్నమాట. ఈ సూక్ష్మం పోర్చుగీసు నావికులకు కూడా ఒక్కసారిగా తట్టలేదు. 15వ శతాబ్దంలో ఆఫ్రికా తీరం నుంచి ఇంటికి రాలేక ఇబ్బందిపడుతూ, దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా సముద్రంలోకి జరిగి, అజోర్స్ దీవులను మజిలీగా చేసుకుని నేర్చుకున్నారు. కొలంబస్ 1493 జనవరి 16న బయలుదేరి ఉత్తరానికి ఎక్కి, పడమటి గాలి పట్టుకుని, ఫిబ్రవరిలో అజోర్స్ చేరాడు. ఆయన గొప్పతనం వెళ్లడంలో కంటే తిరిగి రావడంలో ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

రోమనులకు అలా నేర్చుకునే అవసరం కూడా కలగలేదు. వారికి కావలసిన మిరియాలు, ముత్యాలు, సన్న నూలు బట్టలు, పట్టు తూర్పున ఉన్నాయి. ఆ దారి తెలిసిన దారి. ఏటా అయిదు కోట్ల సెస్టర్సుల (రోమన్ నాణేలు) ధనాన్ని భారతదేశం లాగేసుకుంటున్నదని ప్లినీ వాపోయాడు. బెరెనికే తవ్వకాల్లో ఒక భారతీయ కుండలో ఏడున్నర కిలోల మిరియాలు అలాగే దొరికాయి. వియన్నాలో భద్రపరిచిన 2వ శతాబ్దపు పపైరస్ పత్రం ఒకటి, ముజిరిస్ నుంచి వచ్చిన హెర్మపోలోన్ అనే ఓడలోని సరుకు విలువ దాదాపు 70 లక్షల సెస్టర్సులని చెబుతుంది. ఇంత లాభం ఇటు ఉండగా, ఊదారంగు నత్తలు తప్ప మరేమీ కనబడని అటు సముద్రంలోకి సొమ్ము పెట్టి ఓడ పంపే షావుకారు ఎవరుంటారు?

ఇక దిక్సూచి లేకుండా దారి ఎలా తెలిసేదంటే, పగలు సూర్యుడు, రాత్రి చుక్కలు, వీటితో పాటు నీటి గుర్తులు. ఎర్ర సముద్రం నుంచి మన దేశం దాకా ఉన్న రేవుల గురించి 1వ శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు వర్తకుడు రాసిన ‘పెరిప్లస్’లో, ఒక్కో తీరం దగ్గరపడేటప్పుడు ఏ రకపు సముద్రపు పాములు ఎదురవుతాయో రాసి ఉంది: సింధు నది ముఖద్వారం దగ్గర ఒక రకం, గుజరాత్‌లోని భరుకచ్ఛం వైపు చిన్నవి, పచ్చనివి, మలబారు దగ్గర నల్లనివి, ఎర్ర కళ్లవి. సింహళపు నావికులు ఓడలో పక్షులను తీసుకుపోయి, మధ్యలో వదిలి, అవి ఎగిరిన దిక్కుకు ఓడ నడిపేవారని ప్లినీ చెప్పాడు.

దారి తప్పినవారి కథలు రెండు మీకు నచ్చుతాయి. ఎర్ర సముద్రపు ఒడ్డున ప్రాణం కొట్టుకుంటూ పడి ఉన్న ఒక భారతీయ నావికుడిని క్రీ.పూ. 2వ శతాబ్దం చివర ఈజిప్టు రాజు కొలువుకు తెచ్చారు. తోటివారంతా ఆకలితో చనిపోగా మిగిలినవాడు అతడొక్కడే. గ్రీకు నేర్పించాక, అతడు యుడోక్సస్ అనే నావికుడికి మన దేశపు దారి చూపించాడట. ఈ యుడోక్సస్ తర్వాత ఆఫ్రికాను చుట్టి రావాలని స్పెయిన్ నుంచి బయలుదేరి మళ్లీ కనబడలేదు. ఈ కథను మనకు అందించిన స్ట్రాబోయే దాన్ని పూర్తిగా నమ్మలేదు. రెండోది క్లాడియస్ చక్రవర్తి కాలానిది. ఎర్ర సముద్రపు పన్నుల గుత్తేదారు అన్నియస్ ప్లోకమస్ దగ్గరి మనిషి ఒకడు అరేబియా పక్కన పోతుండగా గాలి పట్టి, 15వ రోజున సింహళంలో తేలాడు. ఆరు నెలలు అక్కడి రాజు అతిథిగా ఉండి భాష నేర్చుకున్నాడు. ఆ రాజు తన దూతలను రోమ్‌కు పంపాడు. గాలికి కొట్టుకుపోయిన ఈ మనిషి కథ చరిత్రకు ఎక్కడానికి కారణం ఈశాన్య గాలి అతడిని వెనక్కి తేవడమే.

ప్రశ్న: రోమన్ ఓడలు గోదావరి దాకా వచ్చాయా, లేక మన ఓడలే అటు వెళ్లేవా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: అమ్మా, పెరిప్లస్‌లో మన తీరానికి ‘మసాలియా’ అని పేరు. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాడు ఆ రచయిత. పశ్చిమ తీరపు రేవుల గురించి పేజీలు నింపినవాడు మన దగ్గరకు వచ్చేసరికి ఇంత పొదుపుగా రాయడాన్ని బట్టి, తూర్పు తీరాన్ని స్వయంగా చూసి ఉండడని చాలామంది పండితులు భావిస్తారు. రోమ్ వర్తకుల ఓడలు ఎక్కువగా మలబారు దగ్గర ఆగిపోయేవి. అక్కడి నుంచి సరుకును ఇటు తెచ్చి, ఇటు సరుకును అటు చేర్చినవి ముఖ్యంగా స్థానిక ఓడలు. తూర్పు తీరపు రేవుల్లో పెద్ద దుంగలను జతచేసి కట్టిన ‘సంగర’లు, గంగా ముఖానికీ సువర్ణభూమికీ (ఆగ్నేయాసియా) పోయే మహా పెద్ద ‘కొలండియా’లు ఉంటాయని పెరిప్లసే చెబుతుంది.

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళవేత్త టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో మన తీరం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆయన చెప్పిన కొంటకొస్సిల కృష్ణా జిల్లా ఘంటసాల. మైసోలోస్ అనే నదిని ఎక్కువమంది కృష్ణ అనీ, కొందరు గోదావరి అనీ అంటారు. దీనికోసం డెల్టాలు రెండూ పోట్లాడుకోనక్కర్లేదు. అసలు విశేషం ఆయన అల్లొసిగ్నే అనే ఊరు దాటాక పేర్కొన్న ‘ఓడలు బయలుదేరే చోటు’. సువర్ణభూమికి పోయే ఓడలు అంతవరకు ఒడ్డు పట్టుకుని వచ్చి, అక్కడ తీరం విడిచి నడిసముద్రంలోకి పోతాయని టాలెమీ మాట. ఆ చోటు కృష్ణా గోదావరుల నుంచి ఉత్తరానికి సాగే తీరంలో ఎక్కడో ఉండాలి. గోదావరి వేసిన ఒండ్రుతో ఒడ్డు సముద్రంలోకి జరుగుతూ వచ్చింది కాబట్టి ఆనాటి రేవులను ఈనాటి తీరం మీద వెదకడం వృథా.

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. ఘంటసాల ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో శివకుడనే ‘మహానావికుడు’ కనబడతాడు. అటు నుంచి వచ్చిన ధనానికి కూడా లోటు లేదు: నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు, వినుకొండలో, నాగార్జునకొండలో బంగారు నాణేలు దొరికాయి. నాణెం దొరికిన చోటల్లా రోమనుడు నడిచాడని మాత్రం అనుకోకూడదు. చేతులు మారడమే నాణెం పని. ఒకప్పుడు రోమ్ నుంచి దిగుమతి అయినవనుకున్న చక్రాల నగిషీ పళ్లాలు మన దేశపు మట్టితో చేసినవేనని తర్వాతి పరీక్షల్లో తేలింది. శాలిహుండం, అమరావతి తవ్వకాల్లో కూడా దొరికిన రకం అది.

రోమన్ లోకపు వర్తకులు సముద్రం మీద చేరుకున్న అతి దూరపు చోట్లు మన బంగాళాఖాతానికి ఆవల ఉన్నాయి. అలెగ్జాండర్ అనే నావికుడు కట్టిగర అనే రేవు దాకా పోయాడని టాలెమీ రాశాడు. వియత్నాంలోని ఓక్ ఎయోలో 1940లలో జరిగిన తవ్వకాల్లో రోమ్ చక్రవర్తులు ఆంటొనైనస్ పయస్, మార్కస్ అరేలియస్‌ల పేర్లున్న బంగారు పతకాలు దొరికాయి. 166లో ‘ఆన్‌దున్’ (ఆంటొనైనస్ పేరుకు చైనా రూపం) రాజు దూతలమంటూ కొందరు దక్షిణ సముద్రపు దారిన చైనా చక్రవర్తి కొలువుకు వచ్చి ఏనుగు దంతాలు, ఖడ్గమృగపు కొమ్ములు, తాబేటి చిప్పలు సమర్పించారు. వాటిలో అపురూపమైనది ఒక్కటీ లేదని చైనా చరిత్రకారుడు చప్పరించి వదిలేశాడు. ఆ సరుకంతా దారిలో కొనగలిగినదే. వచ్చినవారు దూతల వేషం వేసుకున్న వర్తకులై ఉంటారని నాకు అనిపిస్తుంది. అమెరికా కథ మీద చూపించే ఉత్సాహంలో పదో వంతు ఈ దారి మీద చూపితే బాగుండును.

ప్రశ్న: ఇటలీలోని ప్రాచీన రోమన్ నగరం పాంపే గోడల మీద అనాసపండు బొమ్మ ఉందట కదా? అనాస అమెరికా పండు. ఇదే సాక్ష్యం కాదా?
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: అది అనాస కాదు, ఆ ప్రాంతంలో పెరిగే గొడుగు పైన్ చెట్టు కాయ. దాని లోపలి పప్పును రోమనులు తినేవారు, పూజల్లోనూ వాడేవారు. పొలుసులు, గుండ్రని ఆకారం చూసి అనాస అనుకున్నారు. రోమ్ తత్వవేత్త సెనెకా, అనుకూలమైన గాలి ఉంటే స్పెయిన్ కొస నుంచి ఇండియాకు కొద్ది రోజుల్లో చేరవచ్చునని రాసిన వాక్యాన్ని కూడా ఇలాగే సాక్ష్యంగా చూపిస్తుంటారు. భూమి గుండ్రమని వారికి తెలుసు, కాబట్టి అలా ఊహించగలిగాడు. ఆయన కంటే ఎంతో ముందే భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్, అట్లాంటిక్ అంత విశాలం కాకపోతే అటునుంచి ఇండియా వెళ్లవచ్చునని అన్నాడు. ఇద్దరిలో లెక్క తెలిసినవాడు ఎరటోస్తనీస్.

ప్రశ్న: ఈ వర్తకం నాటి గుర్తులు మా పిల్లలకు చూపించడానికి దగ్గరలో ఏమున్నాయి?
— ఒక ఉపాధ్యాయురాలు, మలికిపురం

జవాబు: మీకు అతి దగ్గర మామిడికుదురు మండలంలోని ఆదుర్రు. వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న ఇటుకల బౌద్ధ స్తూపాన్ని అక్కడివారు దుబరాజు గుడి అంటారు. కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. ఆనాటి వర్తకులూ నావికులూ దానాలు ఇచ్చి పోషించినవి ఇలాంటి బౌద్ధ క్షేత్రాలనే కాబట్టి, సముద్రానికి అంత చేరువలో స్తూపం ఎందుకు వెలిసిందన్న ప్రశ్నతో పిల్లలను అక్కడ నిలబెట్టవచ్చు. ఒక రోజు ప్రయాణానికి వీలుంటే ఘంటసాల వెళ్లండి. అక్కడ స్తూపం దిబ్బతో పాటు పురావస్తు శాఖ మ్యూజియం కూడా ఉంది. టాలెమీ గ్రంథంలోకి ఎక్కిన కొంటకొస్సిల నేల మీద ఉన్నామని ముందే చెబితే, పిల్లలు శిల్పాలను వేరే కళ్లతో చూస్తారు. శుక్రవారం సెలవు ఉండే మ్యూజియాలు ఎక్కువ. బస్సు మాట్లాడే ముందు ఒకసారి కనుక్కోండి.